ప్రభువు బల్ల సంతకు వచ్చిన ఆదివారం

అపొస్తలులు నడిచిన ఊళ్ళు చూపిస్తామంటే మా సంఘంవాళ్ళతో కలిసి నేనూ బయలుదేరాను. ఆ యాత్రలో ఒక ఆదివారం పొద్దున, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాత పట్టణంలో బస్సు మమ్మల్ని దింపింది. కోటగోడ లోపల అన్నీ ఇరుకు సందులే. ఆ సందులు మెలికలు తిరిగి తిరిగి ఒక పెద్ద రాతి బయలులోకి తెరుచుకుంటాయి. వందల ఏళ్ళుగా అక్కడ సంత జరుగుతోందట. ఎన్ని తరాల పాదాలు పడ్డాయో, రాళ్ళు నూనె రాసినట్టు నున్నగా ఉన్నాయి. చారల గుడ్డ పందిళ్ళ కింద నారింజలు, ఉప్పునీళ్ళలో ఊరేసిన ఆలివ్ కాయలు, మంచు మీద పరిచిన చేపలు. బయలుకు ఒక వైపున పాతకాలపు చర్చి. మేము చూస్తుండగానే గంట మోగింది, తలుపులు తెరుచుకున్నాయి, ఆరాధన ముగించుకున్న జనం మెట్లు దిగి నేరుగా కూరగాయల మధ్యకు వచ్చేశారు. ఒక ముసలామె ప్రార్థన పుస్తకాన్ని చంకలో ఇరికించుకుని వంకాయలు నొక్కి చూస్తోంది.

నా పక్కన సుగుణమ్మ ఉంది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఆదివారం ఇంట్లో సూదికి దారం కూడా ఎక్కించని నిష్ఠ ఆమెది. "ఏందక్కా ఇది? గుడి మెట్ల మీదనే బేరాలా?" అని ముక్కున వేలేసుకుంది. మమ్మల్ని తిప్పే కుర్రవాడిని అడిగితే, ఇక్కడ మొదట పుట్టింది సంత, సంతకు వచ్చేవాళ్ళ కోసం తరువాత కట్టింది చర్చి, ఇందులో వింతేముంది అని నవ్వాడు. సుగుణమ్మ కాసేపు నారింజల వైపు చూసి, "నోరూరతాండాది. ఈరోజు కొంటే తప్పంటావా?" అని మెల్లగా అడిగింది. "కొనుక్కో సుగుణా. ఆ తగువు మా అవ్వ ఎప్పుడో తీర్చేసింది" అన్నాను. ఆ నారింజలు తింటూ అక్కడొక రాతి అరుగు మీద కూర్చుని ఆమెకు చెప్పిన సంగతే ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు కృష్ణపట్నానికి ఇవతల, ఉప్పుటేటి గాలి తగిలేంత దూరంలో ఉండేది. రేవు అంటే అప్పట్లో నాలుగు పడవలు, ఉప్పు మూటలు, ఎగిరే కొంగలు, అంతే. అణాలు పోయి నయా పైసలు వచ్చిన కొత్త. మాది చాపలల్లే ఇల్లు. మా నాయన మంచినీటి మడుగుల్లో మోకాలి లోతున నిలబడి తుంగ కోసుకొచ్చేవాడు. ఆయనకు బోదకాలు. నీళ్ళలో ఎంతసేపైనా నిలబడగలిగేవాడు గానీ, గట్టున నాలుగు అడుగులు వేసేసరికి కాలు బరువెక్కి కూలబడేవాడు. తెచ్చిన తుంగను కత్తితో నిలువునా చీల్చి ఇసుక మీద ఆరబోసేవాళ్ళం. ఎండకు వాడుతున్న పచ్చి తుంగకు ఒక వాసన ఉంటుంది, వాన పడేముందు పొలంలో వచ్చే వాసనకు కాస్త దగ్గరగా. మా ఇంట్లో అన్నం, గుడ్డలు, దుప్పట్లు, అవ్వ ముక్కుపొడి డబ్బా, అన్నీ ఆ వాసనే వేసేవి. అంచుల కోసం కొంత తుంగను ఎర్ర రంగులో ఉడకబెట్టేది అమ్మ. ఆమె చేతులు మణికట్టు దాకా ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి.

వసారాలో నేలబారుగా దారాలు బిగించి, అమ్మ ఆ దారాల మీదుగా వేసిన పలక మీద కూర్చునేది. అవ్వ, అంటే మా నాయన తల్లి, పక్కన కూర్చుని పొడుగాటి పుల్లతో ఒక్కొక్క తుంగ పోగును దారాల మధ్యకు దూర్చేది. అమ్మ చెక్కతో దాన్ని దగ్గరికి కొట్టేది. ఆ చెక్క దెబ్బకు సరిపడే కీర్తనలే పాడుకునేవాళ్ళు. పాట నెమ్మదిగా సాగేదైతే అవ్వ విసుక్కునేది. "ఈ పాటకి చాప రేపటిగ్గూడా తెగదు, ఇంకోటి ఎత్తుకోమే!" అనేది. చాప పూర్తయి దారాలు తెంపే ముందు దాని మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని, "దీని మీద పండుకునేవాళ్ళకి మంచి నిద్ర పట్టించు ప్రభువా" అని ప్రార్థించేది. కొనేది ఎవరో, ఏ దేవుడికి మొక్కేవాళ్ళో ఆమెకు అక్కర్లేదు. ఆ ప్రార్థన చేయకుండా మా ఇంటి నుంచి ఒక్క చాప కూడా బయటికి పోలేదు.

ఆ చాపలు అమ్ముడుపోయే చోటు ఒక్కటే, వారానికి ఒకసారి జరిగే సంత. ఆ సంత ఆదివారం. దాన్ని ఆదివారం పెట్టిందెవరో ఎవరికీ తెలియదు. కోవూరు, కొడవలూరు వైపు నుంచి కూడా రైతులు బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. రోడ్డు పక్కన బెల్లం, మిరపకాయలు, గుడ్డలు. ఆ వెనక కూరగాయలు, కుండలు. అన్నిటికీ కొసన, పశువుల పక్కన, చేపల బుట్టలూ మా చాపలూ. మాకు దొరికిన జాగా అదే. చేపలమ్మే పోలమ్మ అమ్మ పక్కనే కూర్చునేది. మనిషి పెద్ద నోటిది, మనసు వెన్న. మా సంగతంతా ఆమెకు తెలుసు. "మీ దేవుడికి ఆదివారం తప్ప తీరిక ఉండదా అక్కా? ఒక మాట చెప్పి సోమవారానికి మార్పించుకోరాదా?" అని అమ్మను ఆటపట్టించేది. అమ్మ నవ్వేది కాదు.

ఎందుకు నవ్వేది కాదంటే, ఆ ఆదివారమే అమ్మను బల్లకు దూరం చేసింది. రొట్టె విరిచి, ద్రాక్షరసం పంచుకుని ప్రభువు మరణాన్ని జ్ఞాపకం చేసుకునే సంస్కారాన్ని మావాళ్ళు బల్ల అనే అంటారు. విశ్రాంతి దినాన వ్యాపారం చేసేవాళ్ళు బల్లలో పాలు పొందకూడదని మా సంఘంలో పెద్దల నాటి కట్టుబాటు. మా పాస్టరు అయ్యగారు ఆ కట్టుబాటును తన పెద్దల దగ్గర అందుకున్నారు, అలాగే నిలబెట్టారు. ఆయన చెడ్డమనిషి కాదు. సన్నగా, ఎప్పుడూ గొంతు బొంగురుపోయి ఉండే మనిషి. నాకు వాక్యం చదవడం నేర్పింది ఆయనే. నాయన కాలు వాచి జ్వరంతో పడుకుంటే వచ్చి రాత్రంతా పక్కన కూర్చున్నదీ ఆయనే. కానీ బల్ల రోజున "యోగ్యులైనవారు ఉండవచ్చును" అని ఆయన అనగానే అమ్మ లేచి, కొంగు తల మీదకు లాక్కుని, బయటికి వెళ్ళి వేపచెట్టు కింద నిలబడేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ రొట్టె తీసుకోవడం నేను చూడలేదు. సంత మానేస్తే ఆ వారం పొయ్యి వెలగదు. సంతకు పోతే ప్రభువు దగ్గర చోటు లేదు. అమ్మ దేన్ని వదిలినా ఏదో ఒక ఆకలి తప్పేది కాదు. నేను పడుకునే ముందు చేసిన ప్రార్థనలన్నీ ఆ రోజుల్లో ఒక్కటే, మా అమ్మను లోపలికి పిలవమని.

ఒక సంవత్సరం గుడిలో చాపలు చిరిగిపోయాయి. ఈస్టరుకు కొత్త చాప కావాలని, గుమ్మం నుంచి రొట్టె పెట్టే బల్ల దాకా పట్టే పెద్ద చాప అల్లమని సంఘంవాళ్ళు అమ్మకే చెప్పారు. ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాలన్నీ అమ్మా అవ్వా దాని మీదే కూర్చున్నారు. వసారా చాలక దారాలు వాకిట్లోకి సాగదీశాం. అంచుకు ద్రాక్షాకుల లాంటి ఎర్ర గీతలు తీసింది అమ్మ. ఆమె అంత సన్నగా, అంత శ్రద్ధగా అల్లిన చాప ఇంకొకటి లేదు. అయ్యగారు వచ్చి చూసి, చెప్పులు విప్పి పక్కన పెట్టి, అంచును వేళ్ళతో తడిమి, "మరియమ్మా, దీని మీద కాలు పెట్టాలంటే మనసు రావడం లేదమ్మా" అన్నారు. అమ్మ తలవంచుకుంది.

ఈస్టరు తెల్లవారుజామున గుడి నిండిపోయింది. చాప మీద సంఘమంతా కూర్చుంది. కొత్త తుంగ వాసనా, అయ్యగారి భార్య కాల్చిన రొట్టె వాసనా కలిసి గుడంతా కమ్మగా ఉంది. ఆ పూట సంత ఉంది గానీ, ఆరాధన అయ్యాకే పోదామని అమ్మ చాపల మోపు గుడి గోడకు ఆనించి వచ్చి కూర్చుంది. పునరుత్థానపు పాటలు పాడాం. వాక్యం అయింది. అప్పుడు అయ్యగారు ఎప్పటి మాటే చెప్పారు. అమ్మ లేచింది. కొంగు సర్దుకుని గుమ్మం వైపు నడిచింది. ఆమె గడప దాటగానే అవ్వ లేచింది. చాప చివరికి పోయి, వంగి, చాపను చుట్టడం మొదలుపెట్టింది.

గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్ళు గాభరాగా లేచారు. తరువాతి వరుసా లేచింది. చాప చుట్టుకుంటూ ముందుకు వస్తూనే ఉంది. "ఏందవ్వా ఇది, ఏం జేస్తుండావు?" అని ఎవరో అరిచారు. అవ్వ తల ఎత్తలేదు. చుట్ట అయ్యగారి పాదాల దగ్గరికి వచ్చాక నడుము పట్టుకుని నిలబడి అంది:

"అయ్యా, నా కోడలు బల్లకి పనికిరాదంటే, నా కోడలి చెయ్యి పడిన చాప మాత్రం ఎట్టా పనికొస్తది? మనిషి బయటుంటే చాపా బయటే ఉండాల."

సంఘపెద్ద ఒకాయన కోప్పడబోయాడు. అయ్యగారు చెయ్యి చూపి ఆపారు. "అవ్వా, ఆదివారం ప్రభువు దినం గదా. నన్నేం చెయ్యమంటావు?" అని అడిగారు. ఆ గొంతులో అధికారం లేదు, నిజంగా అడుగుతున్నట్టే ఉంది.

"ఆదివారం సంత పెట్టింది నా కోడలా? అది సంతకి పోకుంటే నా కొడుక్కి కూడు లేదు. అది ఈడికి రాలేకుంటే మీరే ఆడికి రాండి. ఆయన సంతల్లో తిరిగినోడే గదా. గుళ్ళో కూర్చోని, ముందు మీరు సరుకులు సర్దుకోని రాండి అని ఎవురికన్నా చెప్పినాడా?"

అయ్యగారు ఉత్త నేల మీద మోకాళ్ళూనారు. లేచి, రొట్టె మీద గుడ్డ కప్పి, "ఈరోజు ఎవరికీ బల్ల లేదు. వచ్చే ఆదివారం పొద్దుపొడుపున సంతలో ఉంటుంది" అన్నారు.

ఆ వారం మా ఊళ్ళో ఎవరిని కదిపినా అదే మాట. పశువుల పేడలో, చేపల కంపులో పరిశుద్ధమైన బల్ల పెడతారా అని పెద్దలు అయ్యగారి ఇంటికి పోయి వాదించారు. సమాధిలోంచి లేచిన ప్రభువు సముద్రపు ఒడ్డున నిప్పు రాజేసి, చేపలు కాల్చి తనవాళ్ళకు తినిపించాడని, ఆ పూట ఆ రేవులో మల్లెల వాసన వచ్చి ఉండదని ఆయన జవాబిచ్చారట. అమ్మ మాత్రం అవ్వ మీద అలిగింది. "నలుగురిలో నన్నెందుకు నిలబెట్టావత్తా? నేను చెట్టుకింద నిలబడతా పోదును గదా" అని ఏడ్చింది. అవ్వ ముక్కుపొడి పీల్చి, "నీకోసమని ఎవురు చెప్పినారు మే? పిలిచింది ఆ ప్రభువు. ఆయన పిలిచినోళ్ళని లేపి పంపేదానికి వీళ్ళెవురు? నాకు ఒళ్ళు మండింది, చాప చుట్టినా" అంది. నిజంగా వస్తారో రారో అని అమ్మకు శనివారం దాకా భయమే. రాకపోతే, గుడిలో గుమ్మం దాకా కూర్చోనిచ్చే ఆ కాస్త చోటు కూడా ఇక పోయినట్టే.

ఆదివారం ఇంకా మసకగా ఉండగానే మేము సంతకు చేరాం. బండ్లు విప్పుతున్నారు. అప్పుడు వినిపించింది కంజరి. మసక చీకట్లోంచి సంఘమంతా పాడుకుంటూ వస్తోంది. ముందు అయ్యగారు రొట్టె పళ్ళెం పట్టుకుని, వెనక మగవాళ్ళు ఆ పెద్ద చాపను భుజాల మీద మోసుకుంటూ. వద్దన్న సంఘపెద్ద కూడా మోసేవాళ్ళలో ఉన్నాడు, బరువుకు రొప్పుతూ. పశువులు బెదిరి కదిలాయి. పోలమ్మ నోరు తెరుచుకుని చూసి, వెంటనే తన బుట్టలు పక్కకు లాగి, ఈగలు తోలుతూ, "అక్కా, మీవోళ్ళంతా నీ అంగడికే వచ్చినారే!" అంది. చాప మా జాగాలోనే పరిచారు.

సంతలో జాగా పట్టినవాళ్ళ దగ్గర ఆశీలు వసూలు చేసే సుబ్బయ్య కర్ర తిప్పుకుంటూ వచ్చాడు. "ఏంది సామీ ఇదంతా? సంతలో చాప పరిస్తే ఆశీలు కట్టాల."

"ఆశీలు అమ్మేవాళ్ళకి గదా సుబ్బయ్యా. మేము ఏమీ అమ్మడం లేదు" అన్నారు అయ్యగారు.

"అమ్మకుండా సంతలో ఏం జేస్తారు?"

"ఊరికే పంచిపెడతాం."

పోలమ్మ పకపకా నవ్వింది. "విన్నావా సుబ్బయ్యా? ఈ సంత పుట్టినాక ఊరికే పెట్టేవాళ్ళు ఇప్పటికొచ్చినారు. నువ్వు కర్ర ఊపి వాళ్ళని తరమబాక!"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. సుబ్బయ్య కూడా నవ్వి, కర్ర చంకన పెట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. పాట పెరిగేకొద్దీ జనం పెరిగారు. బెల్లం అమ్మేవాళ్ళు, కొడవలూరు బండ్లమీద వచ్చిన ఆడవాళ్ళు, రోడ్డు పక్క దుకాణాల ఆసాములు. ఎన్నడూ మా కొసకు రానివాళ్ళు తడి ఇసుకలో నిలబడి వింటున్నారు. అప్పుడు అమ్మ, ఎవరూ చెప్పకుండానే, తన మోపు తాడు విప్పింది. అమ్మడానికి తెచ్చిన కొత్త చాపలన్నీ ఒకదాని పక్కన ఒకటి పరుచుకుంటూ పోయింది. "కూచోండమ్మా, కాళ్ళు నొప్పి పుడతాయి, కూచోండి" అంది. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కూర్చున్నారు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో అని ఆ పూట ఎవరూ చూసుకోలేదు. సంతంతా మా అమ్మ చాపల మీద కూర్చుంది.

అయ్యగారు రొట్టె ఎత్తి పట్టుకునేసరికి సముద్రం వైపు నుంచి పొద్దు పొడిచింది. ఆయన "యోగ్యులైనవారు" అనలేదు. "ఆకలిగొన్నవారు రండి" అన్నారు. అని, ఎవరూ లేవక ముందే, పళ్ళెం పట్టుకుని తానే నడిచి మొదట అమ్మ దగ్గరికి వచ్చారు. అమ్మ ఎర్రరంగు పట్టిన చేతులను కొంగులో దాచుకుంది. అవ్వ మోచేత్తో పొడిచింది. అమ్మ రెండు చేతులూ బయటికి తీసి చాచింది. అయ్యగారు రొట్టె తుంపి ఆ చేతుల్లో పెట్టారు. అమ్మ దాన్ని అందరి ముందూ నోట్లో పెట్టుకుంది.

ఆ తరువాత చాలా ఏళ్ళు, నేను చదువుకు నెల్లూరు పోయేదాకా, మా సంఘం బల్ల సంతలోనే జరిగింది. పొద్దు పొడిచాక బేరాలు మొదలయ్యేవి. కొందరు సంతకు వచ్చి సంఘంలో చేరారు, కొందరు చేరకుండానే ప్రతిసారీ కూర్చుని పోయేవాళ్ళు. ఇప్పుడు మా సంత బయలు లేదు. రేవుకు పోయే లారీలు ఆ నేల మీదుగా తిరుగుతున్నాయి. మా గుడి మేడ అయింది, మైకులున్నాయి, వరుసలుగా ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. నేను వాటిని తక్కువ చేసి చెప్పను, ప్రభువు అక్కడా ఉన్నాడు. అయినా ఎవరైనా తల వంచుకుని బయటికి పోతుంటే, ఈ కుర్చీలను చుట్టి లేపే అవ్వ ఏదీ అని నా మనసు వెతుక్కుంటుంది. మనం జనం దగ్గరికి పోవడం మానేసి, జనం శుభ్రపడి మన దగ్గరికి రావాలని కనిపెట్టుకుని కూర్చున్నామేమో. ఆ పరాయి దేశపు సంత బయలులో కూర్చుని సుగుణమ్మకు ఈ మాటే చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుంది గానీ, నాకు ఏడుపు రాలేదు. అది ఏడవాల్సిన కథ కాదు. మేము గెలిచిన కథ.

ఆ ఉదయం ఆశీర్వాదం అయ్యాక మగవాళ్ళు పెద్ద చాపను చుట్టుకుని పోయారు. జనం లేచి బట్టలకు అంటిన ఇసుక దులుపుకుంటున్నారు. కూర్చుని లేచిన చాపలు ఇక ఎవరు కొంటారని నాకు గుబులు పుట్టింది. అమ్మ ముఖం చూశాను. సంతలో నోరు విప్పి సరుకు పిలిచి అమ్మడం ఆమెకు అలవాటు లేదు. దొంగసొమ్ము పెట్టుకున్నట్టు ముడుచుకుని కూర్చునేది, అడిగినవాళ్ళకే జవాబు చెప్పేది. ఆ పొద్దు ఆమె లేచి నిలబడింది. తల మీది కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. పోలమ్మ కూడా ఉలిక్కిపడేంత గొంతుతో, రోడ్డు దాకా వినబడేట్టు కేకేసింది:

"చాపలమ్మా చాపలు! దేవుడి బల్ల కాడ పరిచిన చాపలు! ఇప్పుడే గదా కూచోని లేచినారు, మెత్తగా ఉండాయో లేదో మీకే తెల్సు, రాండమ్మా రాండి!"